ఇంటికి తగ్గ థియేటరు, జేబుకు తగ్గ స్పీకర్లు

మా సింహాచలం వాళ్ళకు లౌడ్‌స్పీకరు గురించి ఎవరూ కొత్తగా చెప్పనక్కరలేదు. ఆషాఢ పౌర్ణమికి గిరి ప్రదక్షిణ జరిగే రాత్రి, కొండ చుట్టూ 32 కిలోమీటర్ల దారిలో ఎక్కడ నిలబడినా ఏదో ఒక మైకు సెట్టు చెవిలో మోగుతూనే ఉంటుంది. స్తంభానికి కట్టిన ఆ హారన్ వెనకాల ఉండే యూనిట్ మహా అయితే ముప్పై నలభై వాట్లది. అయినా నాలుగు వీధుల అవతల పడుకున్నవాణ్ణి లేపి కూర్చోబెడుతుంది. అదే బజారుకు వెళ్ళి హోమ్ థియేటర్ అడగండి. చంకలో ఇమిడే డబ్బా ఒకటి చూపిస్తారు. దాని మీద 10,000 వాట్లు అని బంగారు అక్షరాలు! ఇంటికి తెచ్చి పెడితే పక్క గదిలోకి కూడా మాట స్పష్టంగా రాదు.

ఈ రెండింటి మధ్య తేడా తెలిస్తే కొనుగోలులో సగం పని అయిపోయినట్టే. స్పీకరుకు సెన్సిటివిటీ అని ఒక లెక్క ఉంది. ఒక్క వాటు ఇచ్చి, మీటరు దూరంలో నిలబడి కొలిస్తే ఎన్ని డెసిబెల్స్ వస్తాయన్నది ఆ లెక్క. ఇంట్లో బల్ల మీద పెట్టుకునే మామూలు స్పీకరుకు అది 85 నుంచి 88 దాకా ఉంటుంది. హారన్‌కు 105 దాటుతుంది. డెసిబెల్స్ లెక్కలో 3 పెరగాలంటే వాట్లు రెట్టింపు కావాలి, 10 పెరగాలంటే పదింతలు, 20 పెరగాలంటే నూరింతలు కావాలి. అంటే హారన్ ఒక్క వాటుతో చేసే గోల మన బల్ల మీది స్పీకరు చేయాలంటే సుమారు వంద వాట్లు తాగాలన్నమాట. (హారన్‌లో మృదంగం వినబడదు, అది వేరే సంగతి.) కనుక 50 వాట్ల యాంప్లిఫయర్‌కు బదులు 100 వాట్లది కొంటే మోత రెట్టింపు అవుతుందనుకోవడం వట్టి భ్రమ. పెరిగేది మూడు డెసిబెల్సే. చెవి ఆ తేడాను ‘కొంచెం పెరిగింది’ అనుకుంటుంది, అంతే. దానికంటే 86 ఉన్న స్పీకరుకు బదులు 89 ఉన్నది వెతికి తెచ్చుకుంటే అదే ఫలితం, అదీ తక్కువ ఖర్చుతో.

మరి ఆ పదివేల వాట్లు ఎక్కడివి? దాన్ని పి.ఎం.పి.ఒ. అంటారు. ఏ ప్రమాణానికీ కట్టుబడని అంకె అది. ఎవరికి తోచినంత వారు వేసుకోవచ్చు. అమెరికాలో ఈ గోల భరించలేక 1974లోనే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఒక నిబంధన తెచ్చింది, యాంప్లిఫయర్ నిలకడగా ఇవ్వగల శక్తినే ప్రకటించాలని. మన బజారులో ఒక చిట్కా చాలు: డబ్బా వెనక్కి తిప్పి, కరెంటు ఎంత తీసుకుంటుందో చెప్పే చిన్న రేకు చదవండి. అక్కడ 60 వాట్లని ఉంటే ముందువైపు వేలు ఎలా వస్తాయి? గోడలోంచి తీసుకున్నదానికంటే ఎక్కువ నిలకడగా ఇచ్చే యంత్రం ఇంకా పుట్టలేదు. పేరున్న కంపెనీల రిసీవర్లలో కూడా చిన్న మతలబు ఉంటుంది. ‘6 ఓమ్స్, 1 కిలోహెర్ట్జ్, ఒక్క ఛానెల్’ అని సన్న అక్షరాలలో రాసి పెద్ద అంకె వేస్తారు. ‘8 ఓమ్స్, 20 నుంచి 20,000 హెర్ట్జ్, రెండు ఛానెళ్ళు’ అన్న వరుసలో ఉండే చిన్న అంకెనే నమ్మాలి.

నాకు ఈ వెతుకులాట సరదా కోసం మొదలు కాలేదు. మా నాన్నగారు ముప్పై ఏళ్ళు యంత్రాల పక్కన నిలబడి పనిచేసిన మనిషి. రిటైరయ్యాక సాయంత్రాలు సినిమా చూడ్డం ఆయనకున్న ఒకే ఒక వ్యసనం. క్రమంగా అదీ మానేశారు. మేమంతా నవ్వుతుంటే ఆయన మా మొహాలు చూసి నవ్వేవారు. తర్వాత మెల్లగా లేచి అరుగు మీదకు వెళ్ళి కూర్చోవడం మొదలుపెట్టారు. సౌండు పెంచితే అమ్మ తల పట్టుకునేది. చెవి డాక్టరుగారు పరీక్ష చేయిస్తే 4000 హెర్ట్జ్ దగ్గర గ్రాఫులో గుంట పడి కనిపించింది. మోతలో పనిచేసినవారికి మొదట దెబ్బతినేది ఆ ప్రాంతమేనట. అచ్చుల బలమంతా కింది స్థాయిలో ఉంటుంది, హల్లులను విడదీసి చెప్పే స, శ, త, ట లాంటి ధ్వనుల పదును పైస్థాయిలో ఉంటుంది. అందువల్ల ఆయనకు మాట వినిపిస్తుంది గాని విడిపోదు. ‘శాంతి’ అన్నది ‘కాంతి’ అవుతుంది. సౌండు పెంచితే అచ్చులు ఇంకా హోరెత్తుతాయి తప్ప హల్లు తేలదు. డాక్టరుగారు వినికిడి యంత్రం రాసిచ్చారు, అది మొదటి మందు. ఇంట్లో టీవీ వెనకవైపు తిరిగి ఉన్న రెండు బుల్లి స్పీకర్ల సంగతి చూడ్డం నా వంతైంది. చేతిలో ఉన్నది 60,000 రూపాయలు, నయా పైసా ఎక్కువ లేదు.

రిసీవర్ అన్న పేరు రేడియో నాటిది. రేడియోను అందుకునే ట్యూనరూ యాంప్లిఫయరూ ఒకే పెట్టెలో పెట్టినందుకు ఆ పేరు వచ్చింది, పోలేదు. ఇప్పుడది మూడు పనులు చేస్తుంది: టీవీ నుంచో, ప్లేయరు నుంచో వచ్చే ధ్వనిని అందుకోవడం, డాల్బీ, డి.టి.ఎస్. రూపంలో మూటకట్టి వచ్చినదాన్ని విప్పి ఏ స్పీకరుకు ఏది వెళ్ళాలో పంచడం, ఆ పైన బలం ఇచ్చి పంపడం. 5.1 అంటే ముందు ఎడమ, కుడి, మధ్య, వెనక రెండు, వెరసి అయిదు. చుక్క తర్వాతి ఒకటి గంభీరమైన కిందిస్వరాల కోసం, అదే సబ్‌వూఫర్. 1992లో ‘బాట్‌మన్ రిటర్న్స్’తో డాల్బీ డిజిటల్ హాళ్ళలోకి వచ్చింది, మరుసటి ఏడు ‘జురాసిక్ పార్క్’తో డి.టి.ఎస్. వచ్చింది. కప్పు మీద కూడా స్పీకర్లు పెట్టమనే అట్మాస్ 2012 నాటి మాట. మా బడ్జెట్‌లో కప్పు జోలికి పోలేదు. పోనవసరమూ లేదు.

అసలు కిటుకు మధ్య స్పీకరులో ఉంది. సినిమాలో మాటలు దాదాపు అన్నీ అందులోంచే వస్తాయి. వెనక స్పీకర్లలో వాన, ఈలలు, హెలికాప్టర్లు. అయిదు బొమ్మలాంటి స్పీకర్లు ఒకేచోట కట్టి ఇచ్చే చవక సెట్టులో ఆ మధ్యది అరచేయంత ఉంటుంది, మాట ముక్కుతో పలికినట్టు వస్తుంది. డాబాగార్డెన్స్‌లో ఒక దుకాణదారు అలాంటి సెట్టు ఒకటి గట్టిగా మోగించి, “ఆఖరి పీసు బాబూ, బేగి తీసికెళ్ళండి” అన్నాడు. పాట ఆపి వార్తలు పెట్టమన్నాను. వార్తలు చదివేవారి గొంతు డబ్బాలోంచి వచ్చింది. దుకాణంలో చేయాల్సిన పరీక్ష నా దృష్టిలో అదొక్కటే. డప్పుల పాటతో ఏ స్పీకరైనా మెప్పిస్తుంది. మనకు తెలిసిన గొంతు, తక్కువ సౌండులో, పది నిమిషాలు వినాలి.

ఒక్కరో ఇద్దరో ఎదురుగా కూర్చుని చూసే ఇంటికైతే రెండు మంచి స్పీకర్లూ ఒక స్టీరియో యాంప్లిఫయరూ చాలు. నడుమ కూర్చున్నవారికి మాట మధ్యలోంచే వచ్చినట్టు ఉంటుంది, డబ్బూ మిగులుతుంది. మా ఇంట్లో ఒకరు దివాను మీద, ఇద్దరు చాప మీద, అమ్మ వంటింటి గుమ్మంలో. పక్కకు జరిగితే ఆ భ్రమ చెదిరిపోతుంది. పైగా మధ్య స్పీకరు విడిగా ఉంటే మాటను మాత్రమే రెండు మూడు డెసిబెల్స్ పెంచుకోవచ్చు, సంగీతం ముట్టుకోకుండా. రిసీవరు కొనడానికి మాకున్న అసలు కారణం ఇదే. సౌండ్‌బార్ కొనమన్న మిత్రులున్నారు. చిన్న గదికి అది చెడ్డదేం కాదు. కాని అందులో ఒకటి పాడైతే అన్నీ పాడైనట్టే, రేపు పెంచుకునే వీలూ తక్కువ.

లెక్క ఇలా తేలింది. 5.1 రిసీవరు 28,000, ముందు జత 14,000, మధ్య స్పీకరు 10,000, వైర్లూ బిగింపులూ 1,500. మిగిలిన 6,500 సబ్‌వూఫర్ ఖాతాలో ఉంచాం. అయిదూ ఒకేసారి నాసిరకంగా కొనే బదులు మూడు మంచివి కొని, మిగతావి తర్వాత చేర్చుకోవడమే నయం. రిసీవరుకు స్పీకర్లు మూడే ఉన్నాయని చెబితే వెనకవాటి ధ్వనిని కూడా ముందుకే పంచుతుంది, ఏదీ పోదు. ముందు మూడూ ఒకే కంపెనీ, ఒకే వరుసవి అయితే మంచిది. లేకపోతే కథానాయకుడు తెర మీద ఎడమ నుంచి కుడికి నడిచేలోగా గొంతు మారిపోతుంది!

వాట్లు సరిపోతాయా అన్న శంక వస్తే లెక్క వేసుకోండి. మా స్పీకర్లు 87 డెసిబెల్స్‌వి. మూడు మీటర్ల దూరానికి తొమ్మిదిన్నర తగ్గుతుందనుకుంటే ఒక్క వాటుతో 77 పైచిలుకు. ఇంట్లో సినిమాకు సగటున 75 చాలు, అంటే అర వాటు! సినిమాలో బాంబు పేలినప్పుడు సగటు కంటే 20 పైకి వెళ్తుంది, అప్పుడు 55, 60 వాట్లు కావాలి. అదీ క్షణం పాటు. పైగా గోడలు కొంత తిరిగి ఇస్తాయి. ఎనిమిది గంటలు 85 డెసిబెల్స్ వింటే చెవికి హద్దు, ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ వ్యవధి సగం అవుతుంది. నాన్నగారి గ్రాఫు చూశాక ఆ హద్దు దాటాలని మా ఇంట్లో ఎవరికీ లేదు.

గది గురించి ఎవరూ డబ్బు ఖర్చు పెట్టరు గాని ధ్వనిలో సగం గదిదే. మన ఇళ్ళలో గచ్చు గోడలు, టైల్స్ నేల. మధ్యలో నిలబడి చప్పట్లు కొడితే ‘ట్ర్‌ర్’ అని తిరిగొస్తుంది. ఆ మోతలో హల్లులు మొదట మునుగుతాయి. పాత బొంత ఒకటి, కిటికీకి మందపాటి తెర, పక్క గోడకు పుస్తకాల బీరువా పెట్టాం. రిసీవరు పెట్టిన మార్పు కంటే ఈ మార్పు తక్కువేం కాదు. ఇక గది కొలతలు. పన్నెండడుగుల పొడవున్న గదిలో సుమారు 48 హెర్ట్జ్ స్వరం, పదడుగుల వెడల్పుకు సుమారు 57 హెర్ట్జ్ స్వరం గోడల మధ్య నిలిచిపోయి గుయ్యిమంటాయి. ఎత్తు కూడా పదడుగులే అయితే ఆ 57 ఇంకా బలుస్తుంది. అన్ని వైపులా పది ఉన్న గది అన్నిటికంటే చెడ్డది. అందుకని స్పీకర్లను మూలలకు తోయకండి, మూలలో పెడితే కిందిస్వరం ఉబ్బిపోయి మాటను మింగుతుంది. సబ్‌వూఫర్ కొన్నాక దాని చోటు వెతకడానికి తమాషా పద్ధతి ఒకటుంది. దాన్ని మీరు కూర్చునే చోట పెట్టి, మీరు గోడల వెంట పాకుతూ వినాలి. ఎక్కడ సమంగా వినిపిస్తే అక్కడే దాని చోటు. ఇంట్లో పిల్లలు నవ్వుతారు, నవ్వనివ్వండి.

మన ఊరి గాలికి సంబంధించిన సంగతులు ఏ కంపెనీ పుస్తకంలోనూ ఉండవు. బీచి రోడ్డు ఇళ్ళలో ఉప్పుగాలి రాగిని బేగి తినేస్తుంది. కొండకు ఇవతల మాకు ఉప్పు కొంత తక్కువేమో గాని చెమ్మకు లోటు లేదు. వైరు కొస ఒలిచి వదిలేస్తే కొన్నాళ్ళకు పచ్చగా చిలుం పడుతుంది. ఏడాదికొకసారి ఆ కొస కత్తిరించి కొత్తగా ఒలిచి బిగించండి. వైరుకు వేలు పోయనవసరం లేదు. 1.5 చదరపు మిల్లీమీటర్ల అసలు రాగి రెండు తీగల వైరు అయిదు మీటర్లకు సుమారు 0.12 ఓమ్ మాత్రమే అడ్డుపడుతుంది, ఆరు ఓమ్స్ స్పీకరుకు అది లెక్కలోకి రాదు. అయితే అల్యూమినియానికి రాగి పూత పూసినది అంటగడతారు, కొస కోసి చూస్తే లోపల తెల్లగా ఉంటుంది. పాత స్పీకర్లు కొనేవాళ్ళు కోను చుట్టూ ఉన్న అంచును వేలితో మెల్లగా నొక్కి చూడాలి. ఫోమ్ అంచు అయితే చెమ్మకు పదీ పదిహేనేళ్ళలో పొడిగా రాలిపోతుంది. రబ్బరు అంచు మన్నుతుంది. రిసీవరును షోకేసులో ఇరికించకండి. పైన జానెడు ఖాళీ ఉండాలి, లేకపోతే వేడికి మాడుతుంది. బల్లులు దూరకుండా కూడా ఓ కన్నేసి ఉంచాలి. ఉరుములు మొదలైతే ప్లగ్గుతోపాటు కేబుల్ వైరు కూడా పీకేయాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ చూసినవాళ్ళకు ఇది వేరే చెప్పాలా!

అమెరికాలో ఉన్న మన పూర్వ విద్యార్థులు తక్కువ ధరకు అక్కడ కొని తెచ్చి ఇస్తామంటారు. వారి మనసు మంచిదే. అక్కడిది 120 వోల్టులది, మనది 230. మధ్యలో బరువైన ట్రాన్స్‌ఫార్మరు పెట్టాలి, ఇక్కడ వారంటీ సాధారణంగా చెల్లదు. వచ్చేటప్పుడు స్పీకర్లు తెమ్మనండి, వాటికి వోల్టుల బాధ లేదు.

టీవీకీ రిసీవరుకూ మధ్య హెచ్.డి.ఎం.ఐ. తీగను ‘ఆర్క్’ అని రాసి ఉన్న రంధ్రంలోనే పెట్టాలి. పక్క రంధ్రంలో పెడితే టీవీ శబ్దం వెనక్కి రాదు. ఇంటర్నెట్ సినిమాలు ఎక్కువగా డాల్బీ డిజిటల్ ప్లస్ రూపంలో వస్తాయి. దాన్ని ఆర్క్ మోస్తుంది, పాత ఆప్టికల్ తీగ మోయలేదు. ఆ పైన రిసీవరు మెనూలో నైట్ మోడ్ అని ఉంటుంది. అది పెద్ద చప్పుళ్ళను అణచి చిన్న మాటలను పైకి తెస్తుంది. మా ఇంట్లో అది పగలూ రాత్రీ వేసే ఉంటుంది. శుద్ధవాదులు ఏమన్నా అననీ! మధ్య స్పీకరు మూడు డెసిబెల్స్ పైకి, దాని మూతి కొంచెం ఎత్తి కూర్చున్నవారి చెవి వైపుకు తిప్పి పెట్టాం. నాన్నగారు ఇప్పుడు హాస్య సన్నివేశాలకు మాకంటే అర క్షణం ఆలస్యంగా, కాని సొంతంగా నవ్వుతున్నారు.

వెనక స్పీకర్ల సంగతి వచ్చే సంక్రాంతికి చూస్తాం. వైరు మాత్రం మొన్న గోడలకు రంగులు వేయించినప్పుడే పైపులో లాగించేశాను, రెండు గజాలు ఎక్కువే వదిలి. కొసలకు టేపు చుట్టి బీరువా వెనక ఉంచాం.