వగరు తగ్గేదాకా ఆగాల్సిన బరోలో

బరోలోను మొదటిసారి గ్లాసులో చూసినవాళ్లకు అనుమానం రావడం సహజం. ఇటలీలో ఇంత పేరున్న ఎర్ర వైన్, రంగేమిటి ఇలా పలచగా ఉంది? ఇరవై ఏళ్ల సీసా అయితే ఆ ఎరుపు కూడా సగమే మిగులుతుంది. గ్లాసు వంచి చూస్తే అంచున ఇటుకరంగు జీర. పాడైపోలేదు. నెబ్బియోలో ద్రాక్ష తీరే అంత: రంగు తక్కువ, పులుపూ వగరూ దండిగా.

ఇటలీ వాయవ్యాన పీడ్‌మాంట్ ప్రాంతంలో, ఆల్బా పట్టణం పక్కనున్న లాంగే కొండల్లో ఈ ద్రాక్ష బాగా ఆలస్యంగా, అక్టోబరులో కోతకొస్తుంది. అక్కడి 11 ఊళ్ల పరిధిలో, అచ్చంగా నెబ్బియోలోతో చేస్తేనే బరోలో అన్న పేరు చెల్లుతుంది. అమ్మకానికి ముందు కనీసం 38 నెలలు నిల్వ ఉంచాలి, అందులో 18 నెలలు చెక్క పీపాల్లో. రిజర్వా రకానికైతే 62 నెలలు. ఇది చట్టం అడిగేది మాత్రమే. మంచి ఏడాది పంట నోటికి హితవుగా మారాలంటే పది, పదిహేనేళ్లయినా పడుతుంది.

అంత కాలం ఎందుకంటే వగరు వల్లే. తొక్కల్లో, గింజల్లో ఉండే టానిన్లు లాలాజలంలోని ప్రోటీన్లను పట్టేసుకుంటాయి. పచ్చి జామపిందె కొరికినట్టు నాలుక బిగుసుకుపోతుంది. ఏళ్లు గడిచేకొద్దీ టానిన్లు ఒకదానితో ఒకటి, రంగు పదార్థాలతోనూ పెనవేసుకుని బరువెక్కుతాయి. కొంత మడ్డిగా అడుక్కి దిగుతుంది. రంగు వెలవడం, వగరు మెత్తబడడం కలిసే జరుగుతాయన్నమాట. వాసనా మారుతుంది. కుర్ర బరోలోలో గులాబీ, తారు. ముదిరినదాంట్లో ఎండిన గులాబీ రేకులు, తోలు, పొగాకు, తడిసిన అడవి నేల.

ఆగడం అందరికీ నచ్చలేదు. త్వరగా తాగదగ్గ వైన్ కావాలన్న కుర్రకారులో ఒకరైన ఎలియో ఆల్తారే, 1983లో తండ్రి వాడే పాత పెద్ద పీపాలను మోటారు రంపంతో కోసేసి, బారీక్ అనే చిన్న ఓక్ పీపాలు తెచ్చాడు. తండ్రి ఆస్తి దక్కకుండా చేశాడు. పాతకాపు బార్తోలో మస్కరెల్లో మాత్రం బారీక్‌నూ, రాజకీయ నాయకుడు బెర్లుస్కోనీనీ ఒకే లేబుల్‌పై వద్దని రాసి ఊరుకున్నాడు. కోపానికి ఇంత పొదుపైన రూపం అరుదు.

పాత సీసాను ఒక రోజు ముందే నిలబెట్టి ఉంచితే మడ్డి అడుక్కి చేరుతుంది. కదపకుండా వేరే పాత్రలోకి వంచి, మడ్డి మెడ దగ్గరికి రాగానే ఆపాలి. కడుపు వెడల్పైన గ్లాసులో కొంచెమే పోసి, ముందు వాసన చూడాలి. బాగా పాతదాన్ని గంటలకొద్దీ గాలికి వదలకూడదు. దాచుకున్న సువాసన అక్కడే పోతుంది.

భోజనం విషయంలో పీడ్‌మాంట్ వంటగదికి తిరుగులేదు. గొడ్డుమాంసాన్ని బరోలోలోనే గంటలపాటు ఉడికించే ‘బ్రజాతో’ అనే వంటకం, కాస్తెల్మాన్యో అనే జున్ను కుర్ర వైన్‌కు సరిజోడు. మాంసంలోని ప్రోటీన్లను పట్టుకునే పనిలో పడి టానిన్లు నాలుకను వదిలేస్తాయి. కొవ్వు మిగతా కరుకును సర్దుతుంది. వయసు మళ్లిన సీసాకు ఇంత గట్టి వంటకం భారం. గుడ్డు పచ్చసొనలతో కలిపిన సన్నటి తయరీన్ పాస్తా, కాస్త వెన్న, శరత్కాలమైతే పైన తురిమిన ఆల్బా తెల్ల ట్రఫుల్ పుట్టగొడుగు చాలు.

మన ఎండుమిర్చి వేపుడుతో మాత్రం చిక్కే. 13 శాతానికి తగ్గని ఆల్కహాల్ కారం మంటను ఎగదోస్తుంది, వగరూ మళ్లీ తలెత్తుతుంది. మిర్చి మానేసి మిరియాలతో, నేతితో నెమ్మదిగా ఉడికించిన మటన్ అయితే ఓ కుర్ర బరోలో తెరవొచ్చు.