మగ్గాల వాడలో మెడికల్ సీటు: అపోహలు – వాస్తవాలు

సోలాపూర్ తూర్పు పేటల్లో, అశోక్ చౌక్ దాటి కుచన్ నగర్, దత్తనగర్ వైపు నడిస్తే పవర్‌లూముల చప్పుడుతో పాటు తెలుగు కూడా వినపడుతుంది. సగం తెలంగాణ యాస, సగం మరాఠీ. కరీంనగర్, వరంగల్, నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల నుంచి తాతముత్తాతల కాలంలో వచ్చి స్థిరపడ్డ పద్మశాలీల భాష అది. మగవాళ్లు కార్ఖానాలో చాదర్లు, టవళ్లు నేస్తారు. ఆడవాళ్లు ఇంటి గడపలో కూర్చుని బీడీలు చుడతారు. ఇలాంటి ఇళ్లలో పిల్లో పిల్లాడో సైన్సు తీసుకుంటే అందరి నోటా ఒకటే మాట: డాక్టరు.

నీట్ ఫలితాలు వచ్చిన వారం నుంచి కన్సల్టెన్సీల కరపత్రాలు మొదలవుతాయి. ఒకప్పుడు వాటి మీద రష్యా, జార్జియా పేర్లు కనపడేవి, ఇప్పుడు ఆస్ట్రేలియా కూడా చేరింది. మేనమామ కొడుకు మెల్‌బోర్న్‌లో సాఫ్ట్‌వేర్ చేస్తున్నాడంటే చాలు, ఆ దేశం పక్క వీధి అన్నంత ధైర్యం వచ్చేస్తుంది. నా ఉద్దేశంలో అసలు నష్టం ఏజెంట్లు చెప్పే అబద్ధాల కన్నా సగం నిజాల వల్లే ఎక్కువ.

అపోహ: ఆస్ట్రేలియాకు నీట్ అక్కర్లేదు.

ఇది సగం నిజాల్లో మొదటిది. అక్కడి యూనివర్సిటీలు నీట్ అడగవన్నది నిజమే. కానీ ఆ చదువుతో భారతదేశంలో వైద్యం చేయాలంటే నీట్ అర్హత ఉండి తీరాలి. 2018 నుంచి, ఎంబీబీఎస్ కోసం ఏ దేశం వెళ్లినా ఇదే నియమం. నీట్ తప్పినవాళ్లను ‘పర్వాలేదు, ఆస్ట్రేలియా ఉందిగా’ అని ఊరడించే ఏజెంటు, పిల్లవాడు ఇక తిరిగి రాడని తనే తీర్మానించేశాడన్నమాట.

అపోహ: పన్నెండో తరగతిలో తొంభై శాతం ఉంటే సీటు వచ్చినట్టే.

ఆస్ట్రేలియాలో మెడిసిన్‌కు రెండు దారులు. ఇంటర్ తర్వాత నేరుగా చేరేది ఒకటి, ఏదైనా డిగ్రీ పూర్తయ్యాక చేరేది ఇంకొకటి. మోనాష్, న్యూ సౌత్ వేల్స్ లాంటి యూనివర్సిటీల్లో నేరుగా చేరొచ్చు. మెల్‌బోర్న్ యూనివర్సిటీలో డిగ్రీ ఉన్నవాళ్లకే నాలుగేళ్ల ఎండీ కోర్సు (ఇది మన పీజీ ఎండీ కాదు, అక్కడి మొదటి వైద్య డిగ్రీ).

నేరుగా చేరేవాళ్లలో చాలామంది యూక్యాట్ రాయాలి. 2019లో పాత యూమ్యాట్ స్థానంలో వచ్చిన పరీక్ష ఇది. మన పిల్లలు బోల్తా పడేది ఇక్కడే. రెండేళ్లు రాత్రింబవళ్లు చదివిన ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ ఇందులో అసలు ఉండవు. చదివిన ఇంగ్లిష్ పేరా ఎంత త్వరగా అర్థమైంది, లెక్కల పట్టిక చూసి ఎంత త్వరగా తేల్చగలిగాడు, రోగి ముందు ఎలా ప్రవర్తిస్తాడు, ఇవే ప్రశ్నలు. జులై, ఆగస్టు నెలల్లో రాయాలి, పేరు మాత్రం మార్చి–మే నెలల్లోనే నమోదు చేసుకోవాలి. ఆ మార్కులు మరుసటి ఏడాది ప్రవేశానికే పనికొస్తాయి, తర్వాత చెల్లవు. జూన్‌లో నీట్ ఫలితం చూసుకుని అప్పుడు ఆలోచిద్దాం అనుకునే ఇంట్లో ఆ ఏటికి యూక్యాట్ గడువు అప్పటికే దాటిపోయి ఉంటుంది. క్వీన్స్‌లాండ్‌లోని జేమ్స్ కుక్ యూనివర్సిటీ యూక్యాట్ అడగదు, రాతపూర్వక దరఖాస్తు, ఇంటర్వ్యూ చూస్తుంది. డిగ్రీ తర్వాత వెళ్లేవాళ్లకు ఎక్కువచోట్ల గ్యామ్‌శాట్ అనే మరో పరీక్ష ఉంటుంది, అందులో వ్యాసాలు కూడా రాయాలి.

ఇంకో చిన్న విషయం. భారతదేశపు బోర్డుల్లో దేన్ని ఒప్పుకుంటుందో, ఎన్ని సబ్జెక్టులు లెక్కలోకి తీసుకుంటుందో ప్రతి యూనివర్సిటీకీ సొంత జాబితా ఉంటుంది. సీబీఎస్‌ఈ పేరు చూసి సంబరపడకుండా, మహారాష్ట్ర హెచ్‌ఎస్‌సీ బోర్డు పేరు కూడా ఉందో లేదో చూసుకోవాలి.

అపోహ: ఫీజుకు లోను దొరుకుతుంది, మిగతాది పార్ట్‌టైం చేసుకుని కట్టేయొచ్చు.

లెక్క వేద్దాం. విదేశీ విద్యార్థికి మెడిసిన్ ఫీజు పెద్ద యూనివర్సిటీల్లో ఏడాదికి 80 వేల ఆస్ట్రేలియా డాలర్లు దాటింది. మన రూపాయల్లో 45 లక్షలకు పైనే. అయిదేళ్లకు రెండు కోట్ల పైమాటే. ప్రభుత్వం సాయం చేసే తక్కువ ఫీజు సీట్లు అక్కడి పౌరులకు, న్యూజిలాండ్ పౌరులకు, శాశ్వత నివాసం ఉన్నవాళ్లకే. మన పిల్లలకు అవి రావు. బ్యాంకు ఇంత పెద్ద అప్పుకు తాకట్టు అడుగుతుంది. కార్ఖానాలో నాలుగు పాత మగ్గాలు ఉన్న ఇంటికి తాకట్టు పెట్టేంత ఆస్తి ఎక్కడిది?

ఇక పార్ట్‌టైం సంగతి. స్టూడెంట్ వీసా మీద కాలేజీ నడిచే రోజుల్లో రెండు వారాలకు 48 గంటల వరకే పని చేయాలి. 2025 జులై నుంచి అక్కడి కనీస వేతనం గంటకు 24 డాలర్ల 95 సెంట్లు. మెడిసిన్ చదువుతూ ఒక్క వారం కూడా వదలకుండా అన్ని గంటలూ చేసినా ఏడాదికి 31 వేల డాలర్ల దగ్గర ఆగుతుంది. వీసాకు దరఖాస్తు చేసేటప్పుడు ఒక ఏడాది బతకడానికి చూపించమని ఆ ప్రభుత్వమే అడిగే మొత్తం 29,710 డాలర్లు. అంటే ఆ సంపాదన తిండికీ అద్దెకూ సరిపోతుంది, ఫీజుకు పైసా మిగలదు.

అపోహ: ఆస్ట్రేలియా డిగ్రీకి ఇక్కడ స్క్రీనింగ్ పరీక్ష లేదు.

ఈ మాట ఎక్కడ పుట్టిందో తెలుసు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, కెనడా, బ్రిటన్, అమెరికా – ఈ అయిదు దేశాల పోస్ట్‌గ్రాడ్యుయేట్ డిగ్రీలకు మన దగ్గర ప్రత్యేక గుర్తింపు ఉంది. అది స్పెషలిస్టు చదువు సంగతి. మొదటి వైద్య డిగ్రీ అక్కడ చేసి వచ్చిన భారతీయ విద్యార్థి ఎఫ్‌ఎంజీఈ అనే స్క్రీనింగ్ పరీక్ష రాయాల్సిందే. 300 ప్రశ్నల్లో 150 సరిగ్గా రాయాలి.

అంతకన్నా లోతైన చిక్కు 2021 నవంబరు 18న నేషనల్ మెడికల్ కమిషన్ తెచ్చిన నియమాల్లో ఉంది. విదేశీ కోర్సు కనీసం 54 నెలలు ఉండాలి. ఆ పైన 12 నెలల ఇంటర్న్‌షిప్ అదే విదేశీ సంస్థలో చేయాలి. తిరిగొచ్చాక ఇక్కడ మరో 12 నెలలు. ఇప్పుడు నాలుగేళ్ల ఎండీ కోర్సును ఈ కొలతతో కొలవండి. 48 నెలలే. అంతకు ముందు చేసిన డిగ్రీ వైద్య కోర్సు కాదు. ఇంటర్న్‌షిప్ దగ్గర కూడా పేచీ ఉంది. ఆస్ట్రేలియాలో ఇంటర్న్‌షిప్ చదువు ముగిశాక ఆసుపత్రిలో జీతానికి చేసే ఏడాది ఉద్యోగం. ‘అదే సంస్థలో’ అన్న మాటకు అది సరిపోతుందా అన్నది ఏజెంటు నోటిమాటతో తేల్చుకోవాల్సిన విషయం కాదు. చేరక ముందే కమిషన్‌ను రాతపూర్వకంగా అడగాలి. విమానం ఎక్కాక అడగడం దండగ.

అపోహ: అక్కడే ఉండిపోతే ఈ గొడవలేవీ ఉండవు.

ఉంటాయి. ఇంటర్న్‌షిప్ పోస్టుకు హామీ ఉన్నది ప్రభుత్వ సాయంతో చదివిన స్థానిక విద్యార్థులకే. విదేశీ విద్యార్థులు మిగిలిన ఖాళీలకు వరుసలో నిలబడాలి. ఆ తర్వాత ఇంకో నిబంధన. అక్కడి ఆరోగ్య బీమా చట్టంలోని 19ఏబీ సెక్షన్ ప్రకారం, విదేశీయుడిగా వచ్చి ఆస్ట్రేలియాలోనే చదివిన డాక్టరుకు కూడా పదేళ్ల వరకు, డాక్టర్ల కొరత ఉన్న ప్రాంతాల్లో పని చేస్తేనే ప్రభుత్వ ఆరోగ్య బీమా అయిన మెడికేర్ చెల్లింపులు వస్తాయి. పల్లెలో పని చేయడం తప్పేమీ కాదు. కానీ కరపత్రం మీద సిడ్నీ ఒపేరా హౌస్ బొమ్మ పక్కన ఈ సంగతి కూడా వేయాలి కదా!

ఆస్ట్రేలియా మీద నిజంగా మనసున్న పిల్లలకు నేను చెప్పేది ఒకటే: ఎంబీబీఎస్ ఇక్కడ చదివి తర్వాత వెళ్లండి. ఆస్ట్రేలియన్ మెడికల్ కౌన్సిల్ పెట్టే 150 ప్రశ్నల కంప్యూటర్ పరీక్ష, ఆ తర్వాత క్లినికల్ పరీక్ష, ఇంగ్లిష్ పరీక్ష, ఏడాది పర్యవేక్షణలో పని. ఇదీ కష్టమే, ఇదీ ఖర్చే, పదేళ్ల నిబంధన దీనికీ వర్తిస్తుంది. కానీ రెండు కోట్ల అప్పు మాత్రం నెత్తిన ఉండదు, చేతిలో భారతదేశంలో చెల్లే డిగ్రీ ఉంటుంది. సోలాపూర్‌లో 1910లో పుట్టిన డాక్టర్ ద్వారకానాథ్ కోట్నీస్ చేసిందీ ఇదే. బొంబాయిలో వైద్యం చదివాకే 1938లో చైనా వెళ్లాడు.

అపోహ: మనం తెలుగువాళ్లం, తెలంగాణలోనూ సీటు అడగొచ్చు.

ఇది ఈ పేటల సొంత అపోహ. బంధువులంతా సిరిసిల్లలోనో భువనగిరిలోనో ఉంటారు, పెళ్లిళ్లు అక్కడే, ఇంటి దేవుడు అక్కడే. కానీ తెలంగాణలో స్థానికత చుట్టరికాన్ని చూడదు, భాషనూ చూడదు. ఇంటర్‌తో ముగిసే నాలుగేళ్లు వరుసగా అక్కడ చదివి ఉండాలి. ఈ నియమాన్ని సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరులో సమర్థించింది. సోలాపూర్‌లో చదివిన పిల్ల తెలంగాణకు స్థానికేతరురాలే. ఆ అమ్మాయికి తెలంగాణ ప్రభుత్వ కాలేజీలోకి ఉన్న తలుపు దేశమంతటికీ తెరిచిన 15 శాతం ఆల్ ఇండియా కోటా. అది తెలుగువాళ్లకూ బిహారీలకూ ఒకటే. మహారాష్ట్రలో మాత్రం పది, పన్నెండు తరగతులు ఇక్కడే చదివి డొమిసైల్ ఉంటే 85 శాతం రాష్ట్ర కోటాకు హక్కు ఉంటుంది.

దీనికి తోడు, సోలాపూర్‌లో 1963 నుంచి ఉన్న డాక్టర్ వైశంపాయన్ ప్రభుత్వ మెడికల్ కాలేజీలో మన జిల్లా పిల్లలకు ముందు పీట ఉంటుందని ఇంకా కొందరు అంటారు. ఒకప్పుడు 70:30 ప్రాంతీయ కోటా (70 శాతం సొంత ప్రాంతం పిల్లలకు) ఉండేది. 2020లో తీసేశారు.

అపోహ: పద్మశాలి సర్టిఫికెట్ ఉంది, ఇక రిజర్వేషన్ వచ్చినట్టే.

అన్నిటికన్నా ఎక్కువ సీట్లు చేజారేది ఇక్కడేనని నా నమ్మకం. పద్మశాలీలు తెలంగాణలో బీసీ-బి, మహారాష్ట్రలో ఎస్‌బీసీ (స్పెషల్ బ్యాక్‌వర్డ్ క్లాస్) జాబితాలో ఉన్నారు. కరీంనగర్ తహసీల్దారు ఇచ్చిన కాగితం ఇక్కడ చెల్లదు. ఇక్కడి సర్టిఫికెట్ ఒక్కటే ఉన్నా చాలదు. 2001 అక్టోబరులో అమల్లోకి వచ్చిన చట్టం ప్రకారం కుల పరిశీలన సమితి ఇచ్చే వ్యాలిడిటీ సర్టిఫికెట్ కావాలి. ఆ సమితి అడిగే తేదీ ఒకటుంది: 1967 అక్టోబరు 13. ఓబీసీ, ఎస్‌బీసీ కుటుంబాలు ఆ తేదీకి ముందు నుంచే మహారాష్ట్రలో నివాసం ఉన్నట్టు రుజువు చూపించాలి.

తాత ఎప్పుడొచ్చాడో ఇంట్లో అందరికీ తెలుసు. కాగితం మాత్రం ఉండదు. అందుకని వెతకాల్సిన చోట్లు చెబుతున్నాను. తాతో, తాత తమ్ముడో చదివిన బడి నుంచి ‘దాఖలా’ (టీసీ). మున్సిపాలిటీ తెలుగు బడుల పాత రిజిస్టర్లు. మున్సిపాలిటీ జనన మరణాల పుస్తకం. 1877లో మొదలైన జూనీ మిల్లులోనో, మరో మిల్లులోనో తాత పని చేసి ఉంటే ఆ సర్వీసు కాగితాలు. తండ్రి తరఫు చుట్టాల్లో ఎవరికైనా ఇప్పటికే వ్యాలిడిటీ వచ్చి ఉంటే దాని నకలు చాలా పనికొస్తుంది. ఇంటిపేరు ఒకచోట ఒకలా, కులం పేరు ఇంకోచోట ఇంకోలా రాసి ఉంటే అఫిడవిట్ ముందే సిద్ధం చేసుకోవాలి. వీటన్నిటికీ నెలలు పడుతుంది. పదకొండో తరగతిలోనే కాలేజీ ద్వారా దరఖాస్తు పెట్టాలి. నాన్-క్రీమీలేయర్ కాగితం వేరు, అదీ కావాలి.

1967 తర్వాత వచ్చిన కుటుంబమైతే ఇక్కడి రిజర్వేషన్ రాదు. చేదుగా ఉన్నా ఆ మాట ముందే తెలిస్తే, పిల్లవాడు ఎన్ని మార్కుల కోసం చదవాలో ముందే తెలుస్తుంది.

అపోహ: నీట్ తెలుగులో రాయొచ్చు కదా.

రాయొచ్చు, సోలాపూర్‌లో కాదు. నీట్ 13 భాషల్లో ఉంది. తెలుగు ప్రశ్నపత్రం ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కేంద్రాల్లోనే ఇస్తారు. మహారాష్ట్ర కేంద్రాల్లో మరాఠీ దొరుకుతుంది. ఇంగ్లిష్, హిందీ ఎక్కడైనా. అనువాదంలో తేడా వస్తే ఇంగ్లిష్ ప్రశ్నే ప్రామాణికం.

డబ్బు మాట మిగిలింది. అమ్మ బీడీలు చుడుతుంటే, ఆమెకు గుర్తింపు కార్డు ఉంటే, కేంద్ర కార్మిక శాఖ బీడీ కార్మికుల పిల్లలకు ఇచ్చే సాయం వృత్తివిద్యకు ఏడాదికి 25 వేల రూపాయల దాకా ఉంది. నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో దరఖాస్తు పెట్టుకోవాలి. మహారాష్ట్ర ప్రభుత్వ మహాడీబీటీ పోర్టల్‌లో ఎస్‌బీసీ విద్యార్థుల ట్యూషన్ ఫీజు, పరీక్ష ఫీజుల పథకం ఉంది. ప్రభుత్వ కౌన్సెలింగ్ రౌండ్లలో చేరినవాళ్లకే ఇది వర్తిస్తుంది. మేనేజ్‌మెంట్ కోటాలో కొనుక్కున్న సీటుకు రాదు.

కాబట్టి ఏ కన్సల్టెన్సీకైనా అడ్వాన్సు కట్టేముందు అయ్యలారా, అమ్మలారా, ఇంట్లో పాత ట్రంకుపెట్టె ఒకసారి తెరవండి. 1967కు ముందటి కాగితం దొరికితే రేపే పిల్లవాడి కాలేజీ ఆఫీసుకు తీసుకెళ్లండి.