వారం బట్వాడా నుంచి పదిహేను రోజుల చెల్లింపుకు: భవన నిర్మాణ కార్మికులు తెలుసుకోవాల్సిన విషయాలు

ఈ సమాచారం ఎవరి కోసం?

తాపీ, సెంట్రింగ్, రాడ్ బెండింగ్, పెయింటింగ్, ప్లంబింగ్, టైల్స్ పనివారు, వారికి సాయంగా మాల్ కలిపేవారు, ఇటుకలు మోసేవారు. రోజు లెక్కనో గంట లెక్కనో కంపెనీ కింద గానీ, కాంట్రాక్టరు కింద గానీ పని చేస్తూ, సంక్షేమ మండలిలో లేబర్ కార్డు ఉన్నవారు లేదా తీసుకోవాలనుకుంటున్నవారు అందరూ ఇది చదవాలి. చదవడం రానివారికి ఇంట్లో పిల్లల చేత చదివించి వినిపించండి.

అసలు ఏం మారుతోంది?

ఇన్నాళ్లూ చాలా సైట్లలో శనివారం సాయంత్రం బట్వాడా. మేస్త్రీ చేతికి నోట్లిస్తే, ఆదివారం సంతకు వెళ్లి వారానికి సరిపడా సరుకులు తెచ్చుకునేవాళ్లం. ఇప్పుడు కొన్ని చోట్ల "ఇక నుంచి పదిహేను రోజులకోసారి, అది కూడా బ్యాంకు ఖాతాలోనే" అంటున్నారు. ఈ మాట వినగానే రెండు భయాలు వస్తాయి. ఒకటి, మధ్యలో ఇల్లు ఎలా గడవాలి? రెండు, లెక్కలో ఏమైనా కోత పడుతుందా? రెండూ అవసరమైన ప్రశ్నలే.

ముందుగా ఒక మాట గుర్తుంచుకోండి. మారేది డబ్బు అందే రోజు మాత్రమే. మీ రేటు మారదు, పని గంటలు మారవు, ఓటీ హక్కు మారదు. చెల్లింపు రోజు మార్చే పేరుతో వీటిలో ఏది తగ్గించినా తప్పే.

చట్టం ఏం చెబుతోంది?

2019 నాటి వేతనాల కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం కూలి లెక్క రోజుకు, వారానికి, పదిహేను రోజులకు, నెలకు, ఇలా ఏదో ఒక పద్ధతిలో ఉండొచ్చు. నెలకు మించి ఉండకూడదు. ఏ పద్ధతి పెట్టినా డబ్బు ఇవ్వాల్సిన గడువు ఇదీ:

• రోజు కూలి అయితే: ఆ రోజు పని ముగిసేసరికి.
• వారం లెక్క అయితే: వారపు సెలవుకు ముందు, చివరి పనిరోజున.
• పదిహేను రోజుల లెక్క అయితే: ఆ పదిహేను రోజులు ముగిశాక రెండో రోజు దాటకుండా.
• నెల జీతం అయితే: మరుసటి నెల 7వ తేదీలోగా.

అంటే 1 నుంచి 15 వరకు చేసిన పనికి 17వ తేదీ లోపల డబ్బు పడాలి. "బిల్లు పాస్ కాలేదు", "ఓనర్ ఊళ్లో లేడు" అనేవి గడువు దాటడానికి కారణాలు కావు.

మిమ్మల్ని పనిలోంచి తీసేసినా, మీరే మానేసినా, సైటు మూతపడినా, రావాల్సిన మొత్తం రెండు పనిదినాల్లో ఇవ్వాలి. తర్వాతి పదిహేను రోజుల చెల్లింపు దాకా ఆగమనకూడదు.

చెప్పకుండా మార్చవచ్చా?

మార్చకూడదు. కూలి ఇచ్చే కాలాన్ని, పద్ధతిని మార్చాలంటే యజమాని ముందుగా కార్మికులకు నోటీసు ఇవ్వాలి. నోటీసు ఇచ్చాక 21 రోజులు గడవకుండా మార్పు అమలు చేయకూడదు. యూనియన్‌తో ఒప్పందం కుదిరిన సందర్భాల వంటి కొన్ని మినహాయింపులు తప్ప, నియమం ఇదే. పాత పారిశ్రామిక వివాదాల చట్టంలో ఉన్న ఈ నియమం కొత్త కోడ్‌లోనూ ఉంది.

ఈ 21 రోజులు మీకు చాలా విలువైనవి. అంటే మార్పుకు ముందు మీ చేతికి ఇంకా మూడు బట్వాడాలు వస్తాయి. శనివారం నాడే "వచ్చే వారం నుంచి బట్వాడా లేదు" అంటే, నోటీసు ఏదని మర్యాదగా అడగండి. ఒక్కరే అడగకండి. నలుగురూ కలిసి అడగండి.

మొదటి నెలలో ఏం జరుగుతుంది?

ఇబ్బందంతా మొదటి విడతలోనే ఉంటుంది. ఒక ఉదాహరణ చూద్దాం. మీ రోజు కూలి 800 రూపాయలు అనుకోండి. 30వ తేదీ శనివారం ఆఖరి బట్వాడా తీసుకున్నారు. 31 ఆదివారం. 1వ తేదీ సోమవారం నుంచి కొత్త పద్ధతి మొదలైంది.

పాత పద్ధతిలో అయితే 6వ తేదీన 4,800, 13వ తేదీన 4,800 అందేవి. కొత్త పద్ధతిలో 17వ తేదీ దాకా చేతికి ఏమీ రాదు. అంటే 30 నుంచి 17 వరకు 18 రోజుల ఎడం. 17న ఒకేసారి 13 పనిరోజుల డబ్బు, 10,400 రూపాయలు పడుతుంది. మీ సొమ్ము ఎక్కడికీ పోలేదు, ఆలస్యంగా వచ్చింది. కానీ ఆ 18 రోజుల్లో బియ్యం, పాలు, గ్యాస్, ఫైనాన్స్ కిస్తీ ఆగవు కదా.

ఇక్కడే చాలా కుటుంబాలు అప్పులోకి జారతాయి. 5,000 రూపాయలు నూటికి ఐదు వడ్డీకి తెస్తే నెలకు 250 వడ్డీ. అసలు తీర్చలేక ఆర్నెల్లు లాగితే 1,500 వడ్డీకే పోతుంది. రెండు రోజుల కష్టం దాదాపుగా గాలికి పోయినట్టే. అందుకే ముందే ఈ పనులు చేయండి:

• నోటీసు వచ్చిన రోజు నుంచి ప్రతి బట్వాడాలో 1,000 పక్కన పెట్టండి. మూడు వారాలకు 3,000 అవుతుంది. ఎడం వారాలకు బియ్యం, పాలు గడిచిపోతాయి.
• కిరాణా కొట్టు వారికి ముందే చెప్పండి. "ఇక నుంచి 2న, 17న ఇస్తాం" అని తేదీలతో సహా చెబితే ఖాతా నడుస్తుంది. శనివారం కనపడకుండా తప్పించుకుంటే నమ్మకం పోతుంది.
• పొదుపు సంఘం వాయిదా, చీటీ, కిస్తీ తేదీలను వీలైతే 3 గానీ 18 గానీ అయ్యేలా మార్పించుకోండి.
• మొదటి విడతకు మాత్రం కొంత అడ్వాన్సు ఇమ్మని కాంట్రాక్టరును అడగండి. ఇచ్చి తీరాలని చట్టం చెప్పదు. కానీ అందరూ కలిసి, "మేం చేసిన పనికే ముందుగా కొంత ఇవ్వండి" అని అడిగితే చాలామంది ఒప్పుకుంటారు. తీసుకున్నది ఎంతో, ఎన్ని విడతల్లో పట్టుకుంటారో కాగితం మీద రాయించుకోండి.

పదిహేను రోజులా, పద్నాలుగు రోజులా?

ఈ తేడా అడిగి తెలుసుకోండి. కొన్ని చోట్ల నెలను రెండుగా విడదీస్తారు: 1 నుంచి 15, 16 నుంచి నెలాఖరు. ఇలా అయితే ఏడాదికి 24 చెల్లింపులు. నెల రెండో సగం ఒక్కోసారి 16 రోజులు, ఫిబ్రవరిలో 13 రోజులే. అందుకే రోజూ పనికి వెళ్లినా మొత్తం కాస్త అటూ ఇటూ అవుతుంది. అది కోత కాదు.

మరికొన్ని చోట్ల సరిగ్గా రెండు వారాలకోసారి, అంటే 14 రోజులకు లెక్క కడతారు. అప్పుడు ఏడాదికి 26 చెల్లింపులు వస్తాయి. నాగా లేకుండా ఉంటే ప్రతిసారీ 12 రోజుల కూలి. ఇలాంటి చోట ఏడాదిలో రెండు నెలలు మూడేసి చెల్లింపులు పడతాయి. ఆ మూడోదాన్ని పిల్లల ఫీజుకో, పాత అప్పుకో కేటాయించుకోవచ్చు.

ఓటీ లెక్కలో జాగ్రత్త

రెండు వారాలు కలిపి డబ్బిస్తున్నాం కాబట్టి గంటలు కూడా కలిపి లెక్కేస్తాం అని కొందరంటారు. ఒప్పుకోకండి. ఓటీ ఏ వారానికి ఆ వారమే చూడాలి. వారానికి 48 గంటలు దాటితే, దాటిన ప్రతి గంటకు రెట్టింపు రేటు.

ఉదాహరణకు, మీ రేటు 8 గంటలకు 800, అంటే గంటకు 100. మొదటి వారం స్లాబు పని ఉండి 54 గంటలు చేశారు. రెండో వారం సొంత పనిమీద వెళ్లి 42 గంటలే చేశారు.

తప్పు లెక్క: 54, 42 కలిపితే 96. రెండు వారాలకు 96 గంటలే కదా, ఓటీ లేదు. మొత్తం 9,600.

సరైన లెక్క: మొదటి వారం 48 గంటలకు 4,800, ఓటీ 6 గంటలకు 200 చొప్పున 1,200. రెండో వారం 4,200. మొత్తం 10,200.

తేడా 600 రూపాయలు. ప్రతి పదిహేను రోజులకూ ఇలా పోతే ఏడాదికి ఎంతవుతుందో మీరే చూసుకోండి.

ఇంకో విషయం. 15వ తేదీ సోమవారం వస్తే ఆ వారం సగంలో తెగిపోతుంది. సోమవారం కూలి ఈ చెల్లింపులో, మిగతా రోజులవి తర్వాతి చెల్లింపులో వస్తాయి. అలాంటి వారంలో చేసిన ఓటీ రెండింటి మధ్యా జారిపోకుండా, తర్వాతి చెల్లింపులో వచ్చిందో లేదో చూసుకోండి.

కోతలు ఎంతవరకు?

• పనికి రాని రోజుకు ఆ రోజు కూలి మాత్రమే తగ్గించాలి. "ఒక రోజు నాగా పెడితే రెండు రోజులు కట్" అనకూడదు.
• మీరు పనికి వచ్చినా, సిమెంటు లారీ రాలేదనో, కరెంటు లేదనో మధ్యాహ్నం పంపేస్తే, రోజు లెక్కన కనీస వేతనం ఖరారైన పనుల్లో పూర్తి రోజు కూలి ఇవ్వాలి. తప్పు మీది కాదు కదా.
• వస్తువు పాడైందని పట్టుకోవాలంటే ముందు మీ మాట వినాలి.
• పనిలో చేరకముందు ప్రయాణ ఖర్చులకని ఇచ్చిన అడ్వాన్సును కూలిలోంచి పట్టుకోకూడదు. పాలమూరు నుంచో, సిక్కోలు నుంచో వలస వెళ్లేవారు ఇది బాగా గుర్తుంచుకోవాలి. ఇది దేశమంతటి చట్టం. బెంగళూరు సైటులో అయినా, ముంబై సైటులో అయినా ఇదే వర్తిస్తుంది.
• అన్ని కోతలూ కలిపినా కూలిలో సగానికి మించకూడదు.
• ఒకే పనికి ఆడవారికి ఒక రేటు, మగవారికి ఒక రేటు పెట్టకూడదు.

బ్యాంకు ఖాతా ఎవరి పేరున?

మీ పేరునే ఉండాలి. మేస్త్రీ ఖాతాలోనో, పక్కవారి ఖాతాలోనో వేయించుకుంటే రేపు లెక్క తేడా వస్తే మీ దగ్గర రుజువు ఉండదు. ఆడవారు తమ కూలిని తమ ఖాతాలోనే వేయమని అడగండి. ఖాతా లేకపోతే బ్యాంకుకు వెళ్లి జన్‌ధన్ ఖాతా తెరవండి, దానికి కనీస నిల్వ అక్కర్లేదు. ఖాతాకు మీరు వాడుతున్న ఫోన్ నంబరే కలిపి ఉందో లేదో చూసుకోండి. డబ్బు పడితే మెసేజ్ వస్తుంది. పిన్ నంబరు, ఓటీపీ ఎవరికీ చెప్పకండి, మేస్త్రీకి కూడా.

స్లిప్పు దాచుకుంటే లేబర్ కార్డుకూ పనికొస్తుంది

ఈ మార్పులో మీకు కలిసొచ్చే విషయం ఒకటుంది. సంక్షేమ మండలిలో నమోదు కావాలంటే వయసు 18 నుంచి 60 మధ్య ఉండాలి, గడిచిన 12 నెలల్లో కనీసం 90 రోజులు నిర్మాణ పని చేసి ఉండాలి. చేతికి నోట్లిచ్చే బట్వాడాలో ఆ 90 రోజులు చూపించడానికి కాగితం ఉండేది కాదు. మేస్త్రీ సంతకం కోసం తిరగాల్సి వచ్చేది.

యజమాని ప్రతి చెల్లింపుకూ వేతన స్లిప్పు ఇవ్వాలని చట్టంలో ఉంది. ఒక్కో స్లిప్పులో 13 రోజుల పని ఉంటే, ఏడు స్లిప్పులకు 91 రోజులు. అంటే ఏడు కాగితాలు, బ్యాంకు పాసుబుక్కు ఎంట్రీలు కలిపి మీ 90 రోజులకు మంచి ఆధారం. ప్రమాదం జరిగినప్పుడు సాయం, ప్రసూతి సాయం, పిల్లల చదువు సాయం లాంటివన్నీ ఆ కార్డు చెల్లుబాటులో ఉంటేనే అందుతాయి. స్లిప్పు రాగానే ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి.

మీ సొంత పుస్తకం

స్లిప్పు వచ్చేదాకా ఆగకండి. పది రూపాయల చిన్న నోటు పుస్తకం కొనండి. రోజూ నాలుగు ముక్కలు రాయండి: తేదీ, సైటు పేరు, పనిలోకి దిగిన టైము, దిగిపోయిన టైము. అడ్వాన్సు తీసుకుంటే అదీ రాయండి. శనివారం శనివారం మేస్త్రీ చేత సంతకం పెట్టించుకోండి. పదిహేను రోజుల నాటి ఓటీ ఎవరికీ గుర్తుండదు, పుస్తకానికి గుర్తుంటుంది.

డబ్బు పడకపోతే, తక్కువ పడితే

1. ముందు మీ పుస్తకం, స్లిప్పు పక్కపక్కన పెట్టి సూపర్‌వైజరుతో మాట్లాడండి. కొన్నిసార్లు పేరులో అక్షరం తప్పు, ఖాతా నంబరు తప్పు కూడా కారణం అవుతుంది.
2. కాంట్రాక్టరు ఇవ్వకపోతే, ఆ పని చేయించుకుంటున్న కంపెనీదే బాధ్యత. "మాకు సంబంధం లేదు, కాంట్రాక్టరును అడుక్కోండి" అంటే ఊరుకోకండి.
3. అప్పటికీ తేలకపోతే మీ ప్రాంత అసిస్టెంట్ లేబర్ ఆఫీసర్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. ఇచ్చినట్టు రసీదు తీసుకోండి.
4. కూలి బాకీ క్లెయిము మూడేళ్లలోపు వేయవచ్చు. ఒక్కొక్కరు వేరుగా వేయనక్కర్లేదు, సైటులో ఎంతమంది ఉన్నా అందరి తరఫున ఒకే దరఖాస్తు చాలు. యూనియన్ కూడా వేయవచ్చు.
5. డబ్బు ఇచ్చేశానని రుజువు చేసుకోవాల్సింది యజమానే. అధికారి బాకీతో పాటు, దానికి పది రెట్ల దాకా పరిహారం కూడా వేయవచ్చు.

ఈ రోజే చేయాల్సినవి

• చెల్లింపు తేదీలు ఏవో, 14 రోజుల లెక్కా 15 రోజుల లెక్కా అడిగి తెలుసుకోండి.
• ఖాతా మీ పేరున ఉందో లేదో, ఫోన్ నంబరు కలిసిందో లేదో చూసుకోండి.
• నోటు పుస్తకం మొదలుపెట్టండి.
• కిరాణా కొట్టులో, పొదుపు సంఘంలో కొత్త తేదీలు చెప్పండి.
• లేబర్ కార్డు గడువు ఎప్పటిదాకా ఉందో చూసి, దగ్గర పడితే రెన్యువల్ చేయించుకోండి.

మీ సైటులో పనిచేసే తోటివారికి ఈ పీడీఎఫ్ పంపండి. ఫోన్ లేనివారికి మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు చదివి వినిపించండి.