పొగగొట్టం పాట

చిన్న కారుకు సైలెన్సర్ మార్పించి, ఇంజిన్‌కు కొత్త ఊపిరి పోయాలనుకునే కుర్రకారు మన ఊళ్లలోనూ ఉంది. అందులో మోత ఎంత, సత్తువ ఎంత? చట్టం ఏమంటోంది? ఈ వారం ముఖచిత్ర కథనం.

తెల్లవారుజామున అయిదున్నర. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో చిన్న కారొకటి స్టార్టయింది. ఆ మోత స్తంభాలకు తగిలి రెట్టింపై మెట్లదారిన పైకెక్కింది. రెండో అంతస్తులో పసిపాప ఉలిక్కిపడి లేచింది. నాలుగో అంతస్తు పెద్దాయన ‘మళ్లీ మొదలెట్టాడు’ అంటూ దిండు చెవి మీదికి లాక్కున్నాడు. కింద స్టీరింగ్ ముందు కూర్చున్న కుర్రాడికి మాత్రం అదే సుప్రభాతం. జీతంలోంచి నెలనెలా దాచి వేయించుకున్న సైలెన్సర్ మరి!

‘ఎందుకయ్యా ఇంత మోత?’ అని అతణ్ని అందరూ అడుగుతారు. ‘బండి పరుగేమైనా పెరిగిందా?’ అని అడిగేవాళ్లు తక్కువ. చిన్న కారుకు సత్తువ పెంచడం ఓ విద్య. దాన్ని నేర్చినవాళ్లు మోతను ఆఖర్న పట్టించుకుంటారు. చాలామంది మోతతోనే మొదలుపెట్టి అక్కడే ఆగిపోతారు.

మూడు మీటర్ల మొనగాడు

ఈ విద్యకు పెద్దబాలశిక్ష లాంటి కారు ఒకటుంది. సూయెజ్ గొడవతో పెట్రోలుకు రేషన్ చూసిన బ్రిటన్‌లో 1959 ఆగస్టులో మినీ పుట్టింది. గీసినవాడు అలెక్ ఇసిగోనిస్. పొడవు మూడు మీటర్ల పైచిలుకు, చక్రాలు 10 అంగుళాలు, ఇంజిన్ 848 సీసీ, సత్తువ 34 హార్స్‌పవర్. నలుగురు సర్దుకుని కూర్చుని, తక్కువ పెట్రోలుతో వెళ్లి రావడానికి చేసిన బండి అది.

రేసు కార్లు తయారుచేసే జాన్ కూపర్‌కు అందులో ఇంకేదో కనిపించింది. 1959, 1960లలో వరసగా ఫార్ములా వన్ కన్‌స్ట్రక్టర్ల టైటిల్ గెలిచిన జట్టు ఆయనది. మలుపుల్లో మినీ రోడ్డును కరిచిపట్టుకునే తీరు చూసి, కాస్త సత్తువ కలిపితే దీనికి తిరుగుండదనుకున్నాడు. సామాన్యుడి కారుకు రేసులేమిటని ఇసిగోనిస్ మొదట ఇష్టపడలేదు. మినీ కంపెనీ అధిపతి జార్జ్ హారిమన్ సరేననడంతో 1961లో మినీ కూపర్ రోడ్డెక్కింది. 997 సీసీ, 55 హార్స్‌పవర్, రెండు కార్బ్యురేటర్లు. వాటితో పాటు ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులు. పరుగు పెంచిన చేత్తోనే కూపర్ ఆపే బలమూ పెంచాడు. ఈ కథలో గుర్తుంచుకోవాల్సిన మొదటి ముక్క అదే.

రెండో ముక్క పొగగొట్టంలో ఉంది. మినీ ఇంజిన్‌కు సిలిండర్లు నాలుగైతే పొగ బయటికొచ్చే దారులు మూడే. నడిమి రెండు సిలిండర్లూ ఒకే దారిని పంచుకోవాలి. రెండిళ్లకు ఒకే గుమ్మం ఉన్నట్టన్నమాట. అందుకని మెకానిక్కులు నడిమి గొట్టాన్ని పొడుగ్గా సాగదీసి, పక్క గొట్టాల్లోని పొగతో ఎక్కడ కలిస్తే మేలో లెక్కగట్టి అక్కడ కలిపారు. ‘లాంగ్ సెంటర్ బ్రాంచ్’ అనే ఆ మేనిఫోల్డ్‌ను మినీ అభిమానులు నేటికీ ఎల్‌సీబీ అని ముద్దుగా పిలుచుకుంటారు. గొట్టం పొడవు ఎంతుండాలన్నది అక్కడ లెక్కతో తేలింది. చెవికి ఇంపుగా ఉందా లేదా అన్నది తర్వాతి మాట.

1964లో ప్యాడీ హాప్‌కిర్క్ నడిపిన మినీ కూపర్ ఎస్, మంచు కొండల మాంటే కార్లో ర్యాలీలో పెద్ద పెద్ద బండ్లను వెనక్కి నెట్టి గెలిచింది. 1965లో, 1967లో మళ్లీ మినీలే గెలిచాయి. మధ్యలో 1966లో మొదటి మూడు స్థానాలూ వాటివే అయినా, హెడ్‌లైట్లు నిబంధనల ప్రకారం లేవంటూ నిర్వాహకులు వేటు వేశారు. ఇంజిన్‌లో తప్పు దొరకలేదు, దీపాల దగ్గర దొరికింది. బండిలో ఏ చిన్న మార్పు ఎక్కడ తగులుకుంటుందో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ ఉండదు.

ఊదుగొట్టం లెక్క

ఇంజిన్ అంటే గాలి పీల్చి వదిలే యంత్రం. పీల్చడం, నొక్కడం, మండించడం, వదలడం అనే నాలుగు పనులకు ఇంజిన్ ఇరుసు (క్రాంక్‌షాఫ్ట్) రెండు చుట్లు తిరుగుతుంది. మూడు సిలిండర్ల ఇంజిన్ నిమిషానికి 6,000 చుట్లు తిరుగుతోందంటే, పొగగొట్టంలోకి సెకనుకు 150 సార్లు పొగ దూసుకొస్తోందని అర్థం. నాలుగు సిలిండర్లయితే 200 సార్లు. మనకు వినిపించే రాగం ఆ దరువుదే. మూడు సిలిండర్ల బండి గుర్రుమనడానికీ నాలుగు సిలిండర్ల బండి ఈలవేసినట్టు సాగడానికీ తేడా అక్కడే ఉంది.

ఇంజిన్ వదిలిన పొగ ముందు మేనిఫోల్డ్‌లోకి వస్తుంది. అక్కడి నుంచి విషవాయువుల్ని విరిచే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి, ఆపైన హోరును కోసే రెజొనేటర్‌లోకి, చివరికి సైలెన్సర్‌లోకి. మొదటి మెట్టు దగ్గర చేసే మార్పుకు ఉన్న విలువ చివరి మెట్టు దగ్గర ఉండదు. చివరి డబ్బా ఒక్కటీ మార్చి ‘పికప్ అదిరింది’ అనుకునేవాళ్లకు పెరిగేది మోతే. టర్బో లేని చిన్న ఇంజిన్‌కు దానివల్ల దక్కేది మహా అయితే రెండు మూడు హార్స్‌పవర్. ఒక్కోసారి అదీ ఉండదు.

‘గొట్టం ఎంత లావైతే అంత మంచిది’ అన్నది షెడ్లలో తరచూ వినిపించే మాట. మన అమ్మమ్మల ఊదుగొట్టాన్ని తలచుకుంటే దాని సంగతి తేలిపోతుంది. సన్నటి గొట్టంలోంచి ఊదితే గాలి వేగంగా వెళ్లి నిప్పు రాజేస్తుంది. అదే గొట్టం వెదురుబొంగంత లావుంటే మన ఊపిరంతా అందులోనే చెదిరిపోతుంది. పొగదీ అదే లెక్క. వేగంగా వెళ్లే పొగ, రోడ్డు మీద లారీ ఎండుటాకుల్ని తన వెంట లాక్కెళ్లినట్టు, వెనకవచ్చే పొగను కూడా లాగుతుంది. గొట్టం మరీ లావైతే ఆ లాగుడు తగ్గి, ఊళ్లో నడిపే తక్కువ వేగాల్లో బండి మొద్దుబారుతుంది.

టర్బో ఉన్న బండ్లకు మాత్రం లెక్క మారుతుంది. అక్కడ బయటికెళ్లే పొగే ఓ చక్రాన్ని తిప్పి, దాంతో కొత్త గాలిని లోపలికి నెట్టిస్తుంది. చిన్న టర్బోలో ఆ చక్రం నిమిషానికి రెండు లక్షల చుట్ల దాకా తిరుగుతుంది. చక్రం దాటాక దారి ఎంత విశాలంగా ఉంటే పొగకు అంత సుఖం. అందుకే టర్బో తర్వాత వచ్చే డౌన్‌పైప్‌కు అంత గిరాకీ. ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్‌లో లెక్కలు సవరించే ‘రీమ్యాప్’ కూడా తోడైతేనే అసలు తేడా తెలుస్తుంది.

నాలుగు మీటర్ల గీత

మనదేశంలో చిన్న కార్ల మోజుకు రూపమిచ్చింది పన్నుల విధానం. 2006 బడ్జెట్‌లో నాలుగు మీటర్ల లోపు పొడవు, 1,200 సీసీ లోపు పెట్రోల్ ఇంజిన్ ఉన్న కార్లకు సుంకం తగ్గించారు. 2025 సెప్టెంబరులో మారిన జీఎస్టీలోనూ ఆ గీత అలాగే ఉంది. లోపలున్న కార్లకు 18 శాతం, దాటితే 40. అందుకే సీసీలు పెంచలేని కంపెనీలు టర్బో బాట పట్టాయి.

2013లో వచ్చిన ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్‌ఐ ఆ బాటలో పెద్ద గుర్తు. 1,197 సీసీలోంచి 105 హార్స్‌పవర్, 175 న్యూటన్ మీటర్ల టార్క్. పోలో 2022లో ఆగిపోయినా, మార్పులు చేయించుకునేవాళ్ల నోట ఆ పేరు ఇంకా నలుగుతూనే ఉంది. కానీ ఆ బండిలోని ఏడు గేర్ల ఆటోమేటిక్ పెట్టె 250 న్యూటన్ మీటర్ల దాకా మోయడానికే చేసింది. రీమ్యాప్‌తో ఆ హద్దు దగ్గరికి వెళ్లేకొద్దీ భారమంతా క్లచ్‌ల మీద పడుతుంది. ఇంజిన్ బలం పెంచుకుంటూ పోతే, దాన్ని చక్రాలకు చేర్చేవన్నీ ఆ బరువును మోయాలి కదా!

కోయంబత్తూరు జయెం ఆటోమోటివ్స్‌తో కలిసి టాటా మోటార్స్ 2018లో తెచ్చిన టియాగో జేటీపీ, కూపర్ బాటలోనే నడిచింది. టర్బో ఇంజిన్ పెట్టి ఊరుకోకుండా సస్పెన్షన్‌నూ చక్రాలనూ దానికి తగ్గట్టు మార్చారు. ఎక్కువ కాలం నిలవకపోయినా, కంపెనీయే మార్చి ఆమోదంతో అమ్మిన బండి కాబట్టి కొన్నవాళ్లకు పోలీసు భయం లేదు.

టపాసుల మోజు

యాక్సిలరేటర్ వదలగానే వెనక గొట్టంలో దీపావళి టపాసుల్లా పటపటలాడే మోతే ఇప్పటి ఫ్యాషన్. ర్యాలీ కార్లలో టర్బో చక్రం వేగం తగ్గకుండా ఉండటానికి వాడిన ఉపాయం నుంచి వచ్చిన మోజు ఇది. రోడ్డు బండ్లలో రీమ్యాప్ చేసి, ఇంధనాన్ని ఆలస్యంగా మండేలా పొగ దారిలోకి పంపిస్తారు. దాంతో బండికి ఇసుమంత వేగం కూడా రాదు. ఆ మంట వేడికి టర్బో, కన్వర్టర్ రెండూ పాడవుతాయి.

కొందరు కన్వర్టర్‌నే పీకేస్తారు. ప్లాటినం, పల్లేడియం, రోడియం పూతలతో కార్బన్ మోనాక్సైడ్‌నూ మండని ఇంధనపు ఆవిరినీ నైట్రోజన్ ఆక్సైడ్లనూ విరిచే పరికరం అది. అది పోతే పాప నిద్ర చెడటంతో ఆగదు, పాప పీల్చే గాలి కూడా చెడుతుంది. 2020 నుంచి వస్తున్న బీఎస్-6 కార్లలో కన్వర్టర్‌కు ముందూ వెనకా సెన్సర్లుంటాయి. తేడా పసిగట్టగానే డ్యాష్‌బోర్డు మీద ఇంజిన్ బొమ్మ వెలుగుతుంది. ఆ దీపాన్ని సాఫ్ట్‌వేర్‌తో ఆర్పించడం జ్వరం తగ్గలేదని థర్మామీటర్ పగలగొట్టడం లాంటిది.

చట్టం ఏమంటోంది?

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం తయారీదారు ఇచ్చిన అసలు స్వరూపానికి భిన్నంగా బండిని మార్చకూడదు. కేరళ నుంచి వచ్చిన కేసులో 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇదే తేల్చిచెప్పింది. అదే ఏడాది సవరణతో, అనుమతి లేని ఒక్కో మార్పుకు యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా రూ.5,000 జరిమానా, లేదా రెండూ పడొచ్చు. శబ్ద, వాయు కాలుష్య ప్రమాణాలు మీరితే మొదటి తప్పుకే మూడు నెలల వరకు జైలు, లేదా రూ.10,000 వరకు జరిమానా, లేదా రెండూ. పైగా మూడు నెలలు లైసెన్సుపై వేటు. కార్లకు పరీక్షలో అనుమతించే శబ్దం 74 డెసిబెల్స్. దానిమీద పది పెరిగితే శబ్దశక్తి పది రెట్లయినట్టు. ఇవన్నీ అలా ఉంచితే, మార్చిన బండికి వారంటీ పోవచ్చు, చెప్పకుండా మార్చితే బీమా క్లెయిమ్‌కూ చిక్కు రావచ్చు.

మరి సరదా తీరేదెట్లా? కోయంబత్తూరు కరి మోటార్ స్పీడ్‌వే, చెన్నై శివార్లలోని ఇరుంగాట్టుకోట్టై సర్క్యూట్ లాంటి ట్రాకులు అందుకే ఉన్నాయి. రోడ్డు బండిని రోడ్డుకే ఉంచి, మార్పులన్నీ ట్రాక్ బండికి చేసుకుంటే పేచీ ఉండదు.

‣ ముందేది, తర్వాతేది?

మొదట సర్వీసింగ్: ఆయిల్, ప్లగ్గులు, ఎయిర్ ఫిల్టర్ బాగుంటే బండి పోగొట్టుకున్న సత్తువ తిరిగొస్తుంది. రెండోది టైర్లు: బండికీ నేలకూ మధ్య ఉన్నది నాలుగు అరచేతులంత రబ్బరే. మూడోది బ్రేకు ప్యాడ్లు, బ్రేకు ఆయిల్. నాలుగోది నడిపేవాడు: ట్రాక్ మీద ఒక్కరోజు శిక్షణ నేర్పేది ఏ గొట్టమూ నేర్పదు. సైలెన్సర్ వంతు వీటి తర్వాతే.

సాగర్ గట్టున నిశ్శబ్దం

2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ రేసు జరిగింది. పొగగొట్టమే లేని విద్యుత్ కార్లు సన్నటి ఈలతో, టైర్ల కీచుతో దూసుకుపోయాయి. ఫ్రాన్స్ డ్రైవర్ జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. మోత లేకుండానే పరుగు ఉంటుందని నగరం కళ్లారా చూసిన రోజది.

చిత్రమేమిటంటే, అదే ఏడాది హ్యుందాయ్ తెచ్చిన అయోనిక్ 5 ఎన్ అనే విద్యుత్ కారు స్పీకర్లలోంచి పెట్రోలు ఇంజిన్ మోత వినిపిస్తుంది. లేని గేర్లు మారినట్టు కుదుపు ఇస్తుంది, టపాసుల పటపటలు కూడా పలికిస్తుంది. పరుగుకు మోత అక్కర్లేకపోయినా నడిపేవాడి మనసుకు కావాలని కంపెనీకి తెలుసు. కాబట్టి సెల్లార్‌లోని కుర్రాడి ఇష్టాన్ని వెక్కిరించాల్సిన పనిలేదు. ఆ విద్యుత్ కారులో ఒక సౌకర్యం అదనంగా ఉంది, అంతే. మీట నొక్కితే మోత ఆగిపోతుంది.

రెండో అంతస్తు పాపకు కావాల్సింది ఆ మీటే.