కుక్క కాళ్లెందుకు నాకుతుంది?

పిల్లలూ! వానలు పడగానే మన అనకాపల్లి చెరుకు గట్ల మీద వయ్యారిభామ తెల్లగా పూస్తుంది గదా! (చేత్తో పీకకండి, మీకూ దురదే!) అటువంటి కలుపు మొక్కల పుప్పొడి పడనివారు తుమ్ముతారు. ఈ పడనితనానికే 1906లో వియన్నా వైద్యుడు పిర్కే 'ఎలర్జీ' అని పేరు పెట్టాడు.

కుక్కకు పడకపోతే తుమ్ములకన్న దురదే ఎక్కువ. అదేపనిగా కాళ్లు నాకుతుంది, చెవులు గోక్కుంటుంది. గజ్జికుక్క అని తరిమేస్తారు, పాపం!

షికారు నుంచి రాగానే దాని కాళ్లూ పొట్టా తడిగుడ్డతో తుడిచి, వేళ్ల సందులు పొడిగా ఒత్తండి. గోమార్లున్నా దురదే గనుక బొచ్చు పాయలు తీసి వెతకండి. మన జలుబు బిళ్లలు మాత్రం వేయకండి. కొన్ని దాని ప్రాణమే తీస్తాయి. పుండు పడినా, చెవి కంపు కొట్టినా పశువుల ఆసుపత్రికి తీసుకుపోండి. దురద ఏ నెలలో మొదలైందో డాక్టరుగారు తప్పక అడుగుతారు, రాసి ఉంచండి.