వాగులలో గాలపు వేట: కఱ్ఱ, దారము, చక్రము



మృగశిర కార్తె ప్రవేశించిననాడు చేపలు తినుట మన ప్రాంతమున చిరకాలముగా వచ్చుచున్న ఆచారము. ఆ దినములలోనే తొలకరి వానలు కురిసి, వేసవియంతయు ఇసుక తేలియున్న వాగులు పాఱ నారంభించును. కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతముల వాగులు పెక్కు మంజీరానదిని చేరునవే. ఆలేరు వాగునకు అడ్డముగా 1922 నాటికి పోచారము చెరువును, మంజీరకు అడ్డముగా 1923 మొదలు 1931 వఱకు నిజాంసాగరమును కట్టిరి. ఆ నీటివలన పొలములకు వరియు, ఇండ్లకు చేపయు లభించినవి. వలవేసి జీవించువారి వృత్తినిగూర్చి నేను చెప్పబోవుట లేదు. తీరిక వేళ గాలము పట్టుకొని వాగుగట్టున కూర్చుండువారు పనిముట్లను ఎట్లు ఎన్నుకొనవలెనో మాత్రము మనవి చేసెదను.

ఇందులో ఎన్నిక యేమున్నది, కఱ్ఱకు దారము, దారమునకు గాలము కట్టిన చాలును గదా అని నేనును ఒకప్పుడు తలచితిని. ఎల్లారెడ్డి చేరువ నొక వాగు మడుగులో, పుచ్చు పట్టిన బొంగునకు మిక్కిలి లావైన దారము కట్టి వేసితిని. కొరమీను పట్టుకొని ఒక్క గుంజు గుంజినది. దారము తెగలేదు, బొంగు నడుమకు విఱిగినది. విఱిగిన ముక్కతో సహా చేప మడుగులోనికి పోయినది. రెండు దినముల తరువాత అది తూటికాడలలో దారము చిక్కుకొని చచ్చి తేలినది. అది నా నోటికిని రాలేదు, వాగునకును దక్కలేదు. తెగవలసిన చోట తెగకపోవుటయే ఆ నష్టమునకు కారణము.

కావున మొదటి నియమము ఇది: అన్నింటికంటె కఱ్ఱ బలమైనదిగను, దానికంటె దారము తక్కువ బలము గలదిగను, గాలమునకు కట్టు జానెడు తుదిదారము అన్నింటికంటె బలహీనముగను ఉండవలెను. బండికి కాడి విఱుగుటకంటె పలుపు తెగుట మేలు గదా! అట్లున్న యెడల బలమైన చేప తప్పించుకొన్నను గాలము మాత్రమే పోవును. బారెడు దారము చేపను వెంటాడదు.

ఇక కఱ్ఱ. లోపల బోలు తక్కువగా గల గట్టి వెదురు శ్రేష్ఠము. మూడేండ్లు ముదిరినదానిని చలికాలమున నఱికి, నీడలో నెలల తరబడి ఆరవేయవలెను. లేత వెదురును పురుగు త్వరగా తొలుచును. వంకరలను సన్నని సెగపై కాచి సరిచేయవచ్చును. పొదలు క్రమ్మిన యిఱుకు వాగునకు ఆరేడు అడుగులు, తెఱపియైన గట్టునకు తొమ్మిది పది అడుగులు చాలును. కఱ్ఱ వంగుట దోషము కాదు, గుణము. చేప ఒక్కమాఱు గుంజినపుడు ఆ అదురును వంపు మ్రింగును. లేనిచో అదంతయు దారముపై పడును. నేడు అంగళ్లలో దొరకు గాజునార కఱ్ఱలకును, కార్బను కఱ్ఱలకును ఇదియే పరీక్ష: కొన మెత్తగా వంగి, మొదలు గట్టిగా నిలువవలెను.

దారము విషయమున పూర్వము నూలు, జనుము, పట్టు వాడెడివారు. అవి తడిసి చీకిపోవుచుండెను. 1938లో అమెరికాలోని డ్యూపాంటు సంస్థ నైలానును ప్రకటించిన పిమ్మట ఆ చిక్కు తీఱినది. మిల్లీమీటరులో నాల్గవవంతు లావు గల మంచి నైలాను దారము ఇంచుమించు నాలుగైదు కిలోల బరువునకు తెగును. లావు రెండింతలైన బలము నాలుగింతలగును. కాని నీటిలో చేపకు కనబడుటయు హెచ్చును. తేటనీటి వాగునకు సన్నదారము, తూటికాడ, తామర పెరిగిన మడుగులకు లావైన దారము ఎన్నుకొనుడు. ముడిని బిగించుటకు ముందు తడుపుడు. పొడిగా బిగించిన రాపిడికి దారము చెడును. ఎండయు నైలానును పెళుసుచేయును గనుక ఏటేట తొలకరికి ముందు గుంజి చూడవలెను.

చక్రము, అనగా రీలు, అందఱకును అక్కఱలేదు. పరకలకు, చిన్న జెల్లలకు కఱ్ఱకొనకు దారము కట్టి, జీలుగు బెండు తగిలించిన చాలును. దారపు బలమునకు మించిన చేప పడగల లోతు మడుగులలోనే చక్రము పనికివచ్చును. మన సాలెవారి నాడెలోని కండె కదలకయే, దానికొననుండి నూలు జాఱివచ్చుట మీరు చూచియుందురు. ఇంగ్లండులో బట్టల మిల్లుల వ్యాపారియైన ఇల్లింగ్‌వర్తు 1905లో ఈ యుపాయముతోనే గాలపు చక్రమునకు హక్కుపత్రము పొందెను. నేటి చక్రములు పెక్కు ఆ తెగవే. దారము నాలుగు కిలోలకు తెగునదైన, కిలో బరువు లాగగనే జాఱునట్లు చక్రపు బిగింపును అమర్చవలెను. అపుడు చేప పరుగెత్తినను దారము తెగదు. అది అలసిన పిదప మెల్లగా చుట్టుకొనవచ్చును.

పనిముట్లు ఎంత మంచివైనను ఒక విచారము మిగిలియున్నది. తొలకరి నీటికి ఎదురెక్కు చేపలలో అనేకము గ్రుడ్లతో నిండియుండును. కొరమీను జంట తన పిల్లల గుంపును కాచుకొని తిరుగును. ఆ కాపరులను పట్టినచో పిల్లలన్నియు ఇతర చేపలకు ఆహారమగును. అమెరికా పడమటి తీరమున స్టీల్‌హెడ్ అను చేప సముద్రమున పెరిగి, గ్రుడ్లు పెట్టుటకు వాగులకెక్కును. అచట పెక్కు వాగులలో సహజముగా పుట్టిన చేప గాలమునకు పడినను దానిని తిరిగి నీట విడువవలెనని నియమము కలదు. గాలమునకుండు ఎదురుముల్లును పటకారుతో నొక్కివేసిన చేపకు గాయము తక్కువ, విడుచుట సులభము. మన పిల్లలకును ఈ పద్ధతి నేర్పవచ్చును.

పోచారము అభయారణ్యపు హద్దులలో అనుమతి లేక గాలము వేయరాదు. మత్స్య సహకార సంఘములకు హక్కుగల చెరువులలో వారి నడుగవలెను. తెగిన నైలాను ముక్కలను గట్టున పాఱవేయక ఇంటికి తెచ్చుకొనుడు. అవి కొంగల కాళ్లకు ఉరియగును, మేతతో పశువుల కడుపున చేరును.

మీ యూరి వాగులో ఏ మడుగున ఏ నెలలో గాలము వేయరాదో మీరు నిర్ణయించిన, పిల్లలు వినెదరు. మంచి కఱ్ఱ ఒక చేపను తెచ్చును. ఆ నిర్ణయము ఏటేట చేపలను తెచ్చును.

సెలవు.