మీకు తెలుసా? మెసేజ్ వచ్చేది నాచారంలో, పంట పండేది ఊళ్లో

ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర బస్సు కోసం నిలబడేవాళ్లలో చాలామందికి ఊళ్లో ఎంతో కొంత భూమి ఉంటుంది. వరంగల్, తొర్రూరు, యాదగిరిగుట్ట వైపు నుంచి వచ్చి నాచారం, మల్లాపూర్ ఫ్యాక్టరీల్లో పనికి కుదిరినవాళ్లు, పిల్లల చదువుల కోసం ఇక్కడే ఇల్లు అద్దెకు తీసుకున్నవాళ్లు. ఎకరమో రెండెకరాలో ఉన్న పొలం కౌలుకు ఇచ్చేసి ఉంటారు. వానాకాలంలోనూ యాసంగిలోనూ సర్కారు పెట్టుబడి సాయం పడిందన్న మెసేజ్ మాత్రం నాచారంలో ఉన్న ఫోనుకే వస్తుంది.

ఇందులో వీళ్ల తప్పేమీ లేదు, పథకం కట్టిన తీరే అది. 2018 మే 10న కరీంనగర్ జిల్లా హుజూరాబాద్ ప్రాంతంలో రైతుబంధు మొదలైనప్పుడు ఎకరానికి సీజనుకు 4,000 రూపాయలు ఇచ్చారు. మరుసటి ఏడాది దాన్ని 5,000 చేశారు. ఎన్ని ఎకరాలున్నా ఇచ్చారు, పరిమితి పెట్టలేదు. చూసింది పట్టా ఎవరి పేరున ఉందన్నదే, నాగలి ఎవరు పట్టారన్నది కాదు. 2025 జనవరి 26న రైతు భరోసాగా మారి ఏడాదికి ఎకరానికి 12,000 అయింది. సాగుకు పనికొచ్చే భూమికే ఇస్తామని నిబంధన పెట్టారు. అప్పుడు కూడా డబ్బు పట్టాదారు ఖాతాకే వెళ్లింది.

కౌలు రైతులు ఎక్కడో ఒకరిద్దరు ఉంటారనుకుంటే పొరపాటు. రైతు స్వరాజ్య వేదిక 2022లో తెలంగాణ గ్రామాల్లో చేసిన సర్వేలో రైతుల్లో మూడో వంతుకు పైగా కౌలుదారులేనని తేలింది. విత్తనాలు, ఎరువులు, కూలీలు, ముందస్తు కౌలు అన్నీ వాళ్లే పెట్టుకుంటారు. వడగళ్లు పడితే నష్టమూ వాళ్లదే. పెట్టుబడి పెట్టేవాడిని వదిలేసి పెట్టుబడి సాయం అని పేరు పెట్టుకోవడం న్యాయం కాదని ఈ కాలమ్ గట్టిగా నమ్ముతోంది.

కౌలుదారును గుర్తించడం కుదరని పనేమీ కాదు. ఉమ్మడి రాష్ట్రంలోనే 2011లో లైసెన్స్‌డ్ సాగుదారుల చట్టం తెచ్చి రుణ అర్హత కార్డులు ఇచ్చారు. 2019లో ఆంధ్రప్రదేశ్ మరో చట్టం చేసి, 11 నెలల గడువుతో పంట సాగుదారు హక్కు పత్రాలు మొదలుపెట్టింది. ఆ పత్రం ఉన్న ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ కౌలు రైతులకు ఏడాదికి 13,500 రూపాయలు ఇచ్చింది. అన్ని కులాలకూ వర్తించలేదన్నది దానిలో లోటు. అయినా భూమి యజమాని హక్కు పోకుండానే కౌలు రైతు చేతికి డబ్బు చేర్చవచ్చని అది చూపించింది.

ఇక అసలు ప్రశ్న. పేదవాడి చేతికి నేరుగా డబ్బు అందితే ఏమవుతుంది? దీనికి ప్రపంచం మొత్తం చదివే సమాధానం మన దగ్గరే దొరికింది. 2010 నుంచి 2012 దాకా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిది జిల్లాల్లో ఉపాధి హామీ కూలీని, పింఛన్లను వేలిముద్ర స్మార్ట్‌కార్డుల ద్వారా ఇవ్వడం మొదలుపెట్టారు. ఆదిలాబాద్, నల్లగొండ, ఖమ్మం, అనంతపురం, కడప, కర్నూలు, నెల్లూరు, విజయనగరం ఆ జిల్లాలు. ఏ మండలంలో ముందు, ఏ మండలంలో తర్వాత అన్నది లాటరీ తీసినట్టు నిర్ణయించారు. అందుకే రెండు రకాల మండలాలనూ పోల్చి చూడటం సాధ్యమైంది. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్‌తంకర్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు ఆ లెక్క తీశారు.

ఇందులో కొత్తగా ఇచ్చిన డబ్బు ఒక్క రూపాయి కూడా లేదు. కూలీ రేటు పెంచలేదు, పింఛను పెంచలేదు. రావలసినది వచ్చేలా చేశారు, అంతే. అంతకుముందు కూలీ డబ్బు కోసం పోస్టాఫీసు చుట్టూ తిరగాలి. పని చేసిన నెల దాటాక ఎప్పుడో వస్తుంది, వచ్చినదాంట్లో ఎవరి చేయి ఎంత పట్టిందో తెలియదు. కార్డు వచ్చాక ఊళ్లోనే ఒక ఏజెంటు యంత్రం పట్టుకుని కూర్చుంది. వీలైనంతవరకు స్వయం సహాయక సంఘం మహిళనే ఆ పనికి పెట్టమని సర్కారు చెప్పింది. కూలికి వెళ్లొచ్చిన ఆడమనిషి బొటనవేలికి అంటిన మట్టి కొంగుతో తుడుచుకుని యంత్రం మీద పెట్టి, తన డబ్బు తనే లెక్కపెట్టుకుని ఇంటికి పోయేది. ఉపాధి హామీలో పక్కదారి పట్టే సొమ్ము 41 శాతం తగ్గింది. కుటుంబాలకు ఆ పనిమీద వచ్చే ఆదాయం 24 శాతం పెరిగింది.

అంతకంటే పెద్ద సంగతి మరొకటి ఉంది. ఆ మండలాల్లో పేద కుటుంబాల మొత్తం ఆదాయం 14 శాతం పెరిగింది. అందులో 86 శాతం ఉపాధి హామీది కాదు, బయటి పనుల్లో వచ్చింది! సర్కారు పని చేస్తే డబ్బు ఖాయంగా వస్తుందని తెలిశాక, కూలీ మనిషి ఆసామి దగ్గర తక్కువకు ఒప్పుకోవలసిన అగత్యం తప్పింది. బయటి కూలి రేట్లు పెరిగాయి. పని కూడా తగ్గలేదు, పెరిగింది. పేదరికం 26 శాతం తగ్గింది. ఉపాధి హామీ వల్ల కూలీలు సోమరులయ్యారని రచ్చబండ దగ్గర అనేవాళ్లు ఈ అంకెలను ఒకసారి చూడాలి.

పూర్తి మొత్తం చేరడం ఎంత ముఖ్యమో పింఛనుదారులను అడిగితే చెబుతారు. తెలంగాణలో ఆసరా పింఛను 2019లో 2,016 రూపాయలు అయ్యాక, చిల్లర లేదంటూ ఆ 16 రూపాయలు చేతికి ఇవ్వడం లేదన్నది పల్లెల్లో తరచూ వినిపించిన ఫిర్యాదు. ఇచ్చేవాడికి 16 రూపాయలు చిల్లరే కావచ్చు. తీసుకునే ముసలమ్మకు అది ఒక పూట కూర.

రైతుబంధు మొదటి సీజన్లో డబ్బు చెక్కుల రూపంలో పంచారు, 57 లక్షల మంది రైతులకు. ఆ సమయంలో కొన్ని మండలాల్లో అధికారులకు ఒకే మాట చెప్పారు: చెక్కు అందిందా లేదా అని రైతులకే ఫోన్ చేసి అడుగుతాం. ఆ ఒక్క మాటతో చెక్కు అందనివాళ్ల సంఖ్య 7.8 శాతం తగ్గింది. అదనంగా చేరిన ప్రతి 100 రూపాయలకు అయిన ఖర్చు 3 రూపాయల 60 పైసలు. ఇంత చవకైన తనిఖీ ప్రతి పథకానికీ ఎందుకు పెట్టరు?

చేతికి డబ్బిస్తే బెల్టు షాపుకే పోతుందంటారా? ఆఫ్రికా, లాటిన్ అమెరికా, ఆసియా దేశాల్లో జరిగిన 19 అధ్యయనాలను ప్రపంచ బ్యాంకు పరిశోధకులు ఒకచోట పెట్టి చూశారు. నగదు సాయం వల్ల మద్యం, పొగాకు మీద ఖర్చు పెరిగినట్టు తేలలేదు.

పంచే పద్ధతి చెడితే ఏమవుతుందో ఉప్పల్ వాసులకు వేరే చెప్పక్కర్లేదు. 2020 అక్టోబర్ వరదల్లో హబ్సిగూడ, రామంతాపూర్ కాలనీలు మునిగాయి. నగరంలో వరద బాధిత కుటుంబానికి 10,000 రూపాయలు ప్రకటించారు. మొదట చేతికి నగదు పంచితే అసలు బాధితులకు అందలేదని గొడవలయ్యాయి. తర్వాత మీసేవ కేంద్రాల్లో దరఖాస్తు చేయమంటే జనం కిలోమీటర్ల కొద్దీ బారులు తీరారు. నవంబర్ 18న ఎన్నికల సంఘం గ్రేటర్ ఎన్నికల కారణంగా ఆపేయమంది. క్యూలో ఉన్నవాళ్లు ఉత్త చేతులతో తిరిగి వెళ్లారు.

మళ్లీ కౌలు రైతు దగ్గరికి వద్దాం. నాచారంలో ఈఎస్‌ఐ ఆస్పత్రి ఉంది. ఈఎస్‌ఐ కార్డున్న కార్మికుడు జబ్బుపడితే, నిబంధనల మేరకు ఏడాదికి 91 రోజుల వరకు జీతంలో 70 శాతం నగదుగా వస్తుంది. అదే కార్మికుడి అన్న ఊళ్లో కౌలుకు చేస్తూ మంచం పడితే అలాంటి ఆసరా లేదు. భూమి లేని కూలీల కోసం 2025లో తెచ్చిన ఇందిరమ్మ ఆత్మీయ భరోసాలో ఏడాదికి 12,000 ఇస్తామన్నారు. ఉపాధి హామీలో కనీసం 20 రోజులు పని చేసి ఉండాలన్నది షరతు. సొంతానికి గుంట భూమి ఉన్నా అది కూడా రాదు.

ఉప్పల్, నాచారం పాఠకులకు ఒక విన్నపం. మీ ఊరి పొలం కౌలుకు ఇచ్చి ఉంటే, రైతు భరోసా పడ్డ రోజున మీ కౌలు రైతుకు ఫోన్ చేయండి. ఆ డబ్బు అతనికి పంపండి, లేదా ఈ ఏడాది కౌలులో అంత తగ్గించండి. ఆ సాయం ఆ పొలానికి పెట్టుబడి కోసమే వచ్చింది.